పొయ్యి ఊరు దాటే రోజు: వనభోజనాల చరిత్ర

వనభోజనం రోజున ఇంటి పొయ్యి వెలిగించరు. బియ్యం, పప్పు, కూరగాయలు, గిన్నెలు, కట్టెలు బండికెత్తుకుని ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి ఊరి బయటి తోపుకో ఏటిగట్టుకో చేరతారు. వంట అక్కడే, తిండి అక్కడే, ఆటా మాటా అక్కడే. పొద్దువాలాక గాని వెనక్కి మళ్ళరు. తెలుగునాట ఈ అలవాటు కార్తీకమాసంతో ముడిపడి ఉంది. దీపావళి అమావాస్య మర్నాడు మొదలై మళ్ళీ అమావాస్య దాకా సాగే ఈ నెల దాదాపు అక్టోబరు చివరికీ నవంబరు చివరికీ మధ్య పడుతుంది. పాతరోజుల్లో సోమవారాలు, ఏకాదశి, ద్వాదశి, పున్నమి చూసుకుని బయలుదేరేవారు.

ఈ నెలే ఎందుకన్న ప్రశ్నకు పురాణం కన్నా పొలమే సూటిగా జవాబు చెబుతుంది. ఆషాఢ శ్రావణాల్లో నాటిన వరి కార్తీకానికి ఈని గింజ పోసుకుంటూ ఉంటుంది. నాట్లు, కలుపులు ఎప్పుడో అయిపోయాయి, కోతలు మార్గశిరానికి గాని ఊపందుకోవు. నీరు చూసుకోవడం, పిట్టల్ని తోలడం తప్ప రైతుకు పెద్ద పని లేదు. వానలకు పెరిగిన పచ్చదనం ఇంకా వాడలేదు, బురద మాత్రం ఆరింది. ఎండ చురుక్కుమనదు, మంచు ఇంకా ముదరదు. చెరువుల నిండా నీళ్ళుంటాయి. ఒక రోజంతా మనుషులు ఆరుబయట హాయిగా కూర్చోగలిగిన కాలం తెలుగునేల మీద ఏడాదిలో చాలా తక్కువ. అందులో పని తక్కువగా ఉండే కాలం ఇంకా తక్కువ. ఆ రెండూ కలిసి వచ్చే నెల కార్తీకం. కోస్తాకు ఇదే తుఫానుల కాలం కూడా. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కార్తీకంలోనే వచ్చింది. అందుకే తీరప్రాంతాల్లో వనభోజనాల రోజును ఆకాశం చూసి ఖాయం చేసుకోవాల్సి వస్తుంది.

ఊరు విడిచి తోటలో పగలంతా గడపడం ఈ దేశంలో చాలా పాత ముచ్చట. దాదాపు క్రీస్తుశకం 3వ శతాబ్దానిదని పండితులు భావించే వాత్స్యాయన కామసూత్రం నాగరకుడి వేడుకల్లో ఉద్యానగమనాన్ని ఒకటిగా చెబుతుంది. పొద్దున్నే అలంకరించుకుని గుర్రాలెక్కి తోటకు వెళ్ళడం, కోడిపందేలతో జూదాలతో పగలు గడపడం, సాయంత్రం తోటకు వెళ్ళిన గుర్తుగా పువ్వో చిగురో పట్టుకుని తిరిగి రావడం అందులో ఉన్నాయి. దండి తన కావ్యాదర్శంలో మహాకావ్యానికి కావాల్సిన వర్ణనలు చెబుతూ ఉద్యానక్రీడను, జలక్రీడను చేర్చాడు. తెలుగు ప్రబంధ కవులు ఆ వరుసను శ్రద్ధగా పాటించారు కాబట్టి వనవిహారం లేని ప్రబంధం అరుదు. అయితే ఇదంతా సంపన్నుల వినోదం. వంట ఎవరు చేశారో, గిన్నెలు ఎవరు మోశారో ఆ వర్ణనల్లో కనబడదు.

సామాన్యుల వనభోజనానికి తెలుగులో నిండైన చిత్రం 15వ శతాబ్దపు పోతన భాగవతంలో దొరుకుతుంది. దశమ స్కంధంలో కృష్ణుడు, గోపబాలురు చల్దిమూటలు కట్టుకుని దూడల్ని తోలుకుంటూ అడవికి పోతారు. యమున ఇసుక మీద కృష్ణుణ్ణి నడుమ పెట్టుకుని చుట్టూ కూర్చుని, ఊరుగాయలు వేళ్ళ సందుల్లో ఇరికించుకుని, ఒకరి మూటలోది మరొకరు లాక్కుంటూ తింటారు. మూలంలో ఉన్న ఘట్టమే అయినా చల్ది, ఊరగాయ మాత్రం పూర్తిగా తెలుగువి. పోతన పశువుల కాపరుల తిండి దగ్గర కూర్చుని చూసినవాడిలా రాశాడు. సేవకులు, అలంకారాలు, జూదం ఏవీ లేని ఈ సహభోజనమే తర్వాతి కాలపు వనభోజనానికి దగ్గరి పోలిక.

కార్తీకంతో ముడి వేసింది మాత్రం వ్రతాల సాహిత్యం. స్కాంద పురాణంలోదిగా చెప్పే కార్తీక మాహాత్మ్యం తెలుగు ఇళ్ళలో కార్తీక పురాణంగా రోజుకో అధ్యాయం చొప్పున 30 రోజులు చదువుతారు. నైమిశారణ్యంలో సూతుడు, మునులు ఉసిరిచెట్టు నీడన వంట చేసుకుని విష్ణువును పూజించి భోజనం చేశారన్న కథ జనంలో ఉన్నది దీని వల్లే. సంస్కృతంలో ధాత్రి అనే ఉసిరి ఈ నెలంతా పూజలో ఉంటుంది. క్షీరాబ్ధి ద్వాదశి నాడు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి పెళ్ళి చేస్తారు, పున్నమికి ఉసిరికాయ మీద వత్తి వెలిగిస్తారు. కాయ పక్వానికి వచ్చేదీ ఈ రోజుల నుంచే.

చెట్టును దగ్గరగా చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది: ఉసిరి ఆకు సన్నం, నీడ పలచన. వంద మంది విస్తళ్ళు పరచుకోవడానికి అది చాలదు. కాబట్టి పూజ ఉసిరికి, పంక్తి మాత్రం పక్కనున్న మామిడి కిందో చింత కిందో సాగింది. ఉసిరిచెట్టే లేని తోటలో ఒక కొమ్మ తెచ్చి పాతేవారు. ఆ చెట్టు గాలి ఫలానా జబ్బులు తగ్గిస్తుందని ఈ మధ్య ప్రచారమవుతున్న వివరణల అవసరం ఈ ఆచారానికి ఎప్పుడూ లేదు. జనం తోపుకు వెళ్ళింది కలిసి కూర్చోవడానికి.

ఆ తోపులు వాటంతటవి మొలవలేదు. తెలుగు రాజులు, సామంతులు, ధనవంతులు కీర్తి కోసం నిలబెట్టాల్సినవిగా సప్తసంతానాలను చెప్పుకునేవారు. కొడుకు, కృతి, చెరువు, గుడి, అగ్రహారం, నిక్షేపం, వనం. చెట్లు నాటి ఊరికి వదలడం కొడుకును కనడంతో సమానమన్న నమ్మకం వల్ల దారుల వెంట, చెరువుల కింద, గుళ్ళ చుట్టూ మామిడి, చింత, ఇప్ప తోపులు లేచాయి. ఉచితంగా పొయ్యి పెట్టుకోగల నీడ ఊరికొకటి ఉండడం వల్లే వనభోజనం పేదసాదలకూ అందింది. ఈ ఆచార చరిత్రలో దేవుడికి ఎంత చోటు ఉందో, తోపు నాటిన మనిషికీ అంత చోటు ఉండాలి.

ఆ రోజు నడక కోస్తా పల్లెల్లో దాదాపు ఒకే తీరుగా ఉండేది. ముందు రోజే మగవాళ్ళు తోపులో చోటు చూసి చెత్త ఊడ్చి వచ్చేవారు. తెల్లవారుజామున స్నానాలు, దీపాలు అయ్యాక బండ్లు కదిలేవి. మూడు రాళ్ళతో చిన్న పొయ్యిలు, నేలలో పొడుగ్గా తవ్వితే గాడిపొయ్యి. దాని మీద గుండిగలు, గంగాళాలు వరసగా కూర్చుంటాయి. ఎండుపుల్లలు ఏరడం పిల్లల వంతు. కూరగాయలు తరగడం అందరి పని. రోజూ వంటింటి గడప దాటని మగవాళ్ళు కూడా ఆ పూట తెడ్డు పట్టి అన్నం కలిపేవారు. కార్తీక నియమం వల్ల ఉల్లి, వెల్లుల్లి, మాంసం ఉండవు. వాటి లోటు తెలియనివ్వకుండా పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, కొత్త ఉసిరికాయ పచ్చడి, గారెలు, పరమాన్నం, చివర్లో పెరుగన్నం వచ్చేవి. గోదావరి జిల్లాల్లో ఆవపెట్టిన కంద బచ్చలి, పనసపొట్టు కూర లేకపోతే వనభోజనం అయినట్టే కాదు. విస్తరి డెల్టాలో అరిటాకు, మెట్టలో మోదుగాకు, ఏజెన్సీ అంచున అడ్డాకు.

వంట ఉడికేలోగా, తిన్న తర్వాతా ఆటలు సాగేవి. చింతకొమ్మకు మోకు వేసి ఉయ్యాల, మగపిల్లలకు చెడుగుడు, పెద్దవాళ్ళకు అష్టాచమ్మా, వామనగుంటలు, ఎవరో ఒకరి గొంతున హరికథ ముక్కో కీర్తనో. ఇంటిపట్టునే ఉండాలన్న కట్టడి గట్టిగా ఉన్న కాలంలో ఆడవాళ్ళకు ఈ రోజు విలువ ఇంకో రకం. వ్రతం పేరు చెప్పుకుని, ఎవరూ అడ్డు చెప్పడానికి వీల్లేకుండా, పొరుగింటి స్నేహితురాలితో పగలంతా ఆకాశం కింద కూర్చోగల సందర్భాలు ఏడాదికి ఎన్నో ఉండేవి కావు. సంప్రదాయం కట్టుబాటుగానే కాదు, సెలవుగానూ పనిచేసిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కార్తీకం ఒక్కటే ఈ బయటి వంటలకు సమయం కాదు. తెలంగాణ పల్లెల్లో వనభోజనానికి చెట్ల తీర్థం అన్న పేరు వినిపిస్తుంది. పోచమ్మకో మైసమ్మకో మొక్కు చెల్లించి చెట్ల కింద కోడినో మేకనో వండుకునే వంటలకు ఉల్లి వెల్లుల్లి నిషేధమేమీ లేదు. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళు పూలను చెరువులో వదిలాక గట్టు మీదే కూర్చుని సద్దులు, మలీద పంచుకుంటారు. వానలు మొహం చాటేసిన ఏడాది కొన్ని ఊళ్ళ జనమంతా పొలిమేరకు వెళ్ళి వండుకుని దేవతను వేడుకుంటారు. వరదపాశం మొక్కులో పాయసం కొండబండ మీద పోసి చేత్తో ముట్టకుండా నాకి తింటారు. అక్కడ ఆరుబయటి భోజనం ఉల్లాసం కాదు, ఆకలి భయంతో చేసిన ప్రార్థన.

దక్కను ముస్లిం కుటుంబాలకూ ఇలాంటి రోజు ఒకటి ఉంది. సఫర్ నెల చివరి బుధవారం, ఆఖరీ చహార్ షంబా. ప్రవక్త ఆరోగ్యం ఆ రోజు కాస్త కుదుటపడిందన్న నమ్మకంతో తలస్నానం చేసి, కొత్తబట్టలు కట్టి, తోటల్లోకి వెళ్ళి పచ్చగడ్డి మీద నడిచేవారు. ఏలూరు ప్రాంతానికి చెందిన జాఫర్ షరీఫ్ రాయగా హెర్‌క్లాట్స్ ఇంగ్లీషులోకి తెచ్చి 1832లో అచ్చు వేయించిన కానూన్-ఇ-ఇస్లాం ఈ ఆచారాన్ని నమోదు చేసింది. హైదరాబాదు నగరానికి తోటల మీద మోజు పుట్టుకతోనే ఉంది. నగర నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షా, 1580 నుంచి 1612 దాకా ఏలినవాడు, దక్కనీలో రాసిన కవితల్లో తొలకరి మృగశిర, వసంతం, తోటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

చెట్టు కింద అందరూ కూర్చున్నారు గాని, అందరూ ఒక వరసలో కూర్చోలేదు. వనభోజనాల చరిత్ర రాసేవారు దాటవేయకూడని సంగతి ఇది. అగ్రహారం పంక్తి వేరు, రైతుల బంతి వేరు, మాలమాదిగ పేటలవారు తోపు అంచున కూడా నిలవలేని ఊళ్ళు లెక్కలేనన్ని. అయితే అదే కార్తీకంలో అందుకు ఎదురుగా నిలిచిన జ్ఞాపకమూ తెలుగువారికి ఉంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా ఒకే చాప మీద అందరినీ కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడు అది. నాగులేటి ఒడ్డున కారంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే 5 రోజుల వీరారాధనలో మందపోరు అనే రోజున ఇప్పటికీ చాపకూడు వడ్డిస్తారు. 20వ శతాబ్దపు సంస్కర్తలు, గాంధేయవాదులు పెట్టిన సహపంక్తి భోజనాలకు ఈ నేల మీద పాత పునాది లేదనడం సరికాదు.

ఆంగ్లేయుల పాలన ఈ ఆచారాన్ని మూడు వైపుల నుంచి మార్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో నిప్పు పెట్టడం నేరమైంది. తాతల నాటి నుంచి పొయ్యి పెట్టుకున్న కొండపాదాల నుంచి జనం ఊరి తోపులకు, ఏటి ఇసుకకు జరగాల్సి వచ్చింది. రెండోది ఆదివారం సెలవు. తిథి చూసుకుని వెళ్ళే రోజు బడికీ ఆఫీసుకూ వీలైన రోజుగా మారింది. ఆదివారం ఉసిరికాయ తినకూడదన్న పాత నిషేధం తెలుగిళ్ళలో ఉంది. ఆ ఉసిరిని కొలిచే భోజనమే ఆదివారానికి చేరింది. మూడోది బడి. చదువుకున్న పట్టణవాసుల నోట పిక్నిక్ అన్న మాట వచ్చింది, పాఠశాలలు ఏడాదికోసారి పిల్లల్ని వనభోజనాలకు తీసుకుపోవడం మొదలుపెట్టాయి. కులాన్ని పక్కన పెట్టి పిల్లలు కలిసి తిన్న చోట్లలో ఈ బడి వనభోజనాలు ముఖ్యమైనవి.

పట్టణాలు పెరిగేకొద్దీ కొత్త చోట్లు వచ్చాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో వరదను ఆపేందుకు కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ప్రాణాలు తీసిన నీటిని పట్టి ఉంచేందుకు కట్టిన గండిపేట గట్టే కొన్నేళ్ళలో నగరవాసుల సెలవురోజు చిరునామా అయింది. బెజవాడ వారికి భవానీ ద్వీపం, కొండపల్లి. విశాఖ వారికి సముద్రపు ఒడ్డు. రాజమండ్రి వారికి గోదావరి లంకలు. తిరుమలలో దేవస్థానం పార్వేట మండపం దగ్గర కార్తీక వనభోజనం జరుపుతుంది, మలయప్పస్వామి అక్కడికి ఊరేగింపుగా వస్తాడు.

యంత్రాలు తోపులోకి ఒక్కసారిగా రాలేదు. ముందు గ్రామఫోను, తర్వాత ట్రాన్సిస్టరు, ఆ తర్వాత మైకుసెట్టు. ఇవన్నీ పది మందీ కలిసి వినేవి, గుంపును చెదరగొట్టినవి కావు. టెలివిజన్ వేరే తీరు. అది జనాన్ని ఇంటి లోపలికి పిలిచింది. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం వచ్చినప్పుడు దేశమంతా వీధులు ఖాళీ అయ్యాయి. 1987 కార్తీకంలోని ఆదివారాలూ ఆ కాలంలోవే. సెల్‌ఫోను అంతకన్నా లోతుగా వెళ్ళింది. 2016 తర్వాత చౌక డేటాతో స్మార్ట్‌ఫోను చేతిచేతికీ చేరాక, చెట్టు కింద కూర్చున్నవాళ్ళ మధ్య కూడా తలలు వంగిపోయాయి. ఇంటిని వదిలి వచ్చినా ఇల్లు, ఆఫీసు, బజారు జేబులో వెంట వస్తున్నాయి. ఇంటి పొయ్యి ఆర్పి రావడమన్న పాత నియమానికి ఇప్పుడు సాటిగా నిలిచేది, వచ్చినవారి ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి సాయంత్రం దాకా మూతి కట్టడమే. నిత్యం వాడే నిప్పును, పనిముట్టును ఒక రోజు పక్కన పెడితేనే పక్క మనిషి ముఖం కనబడుతుందన్నది ఈ ఆచారానికి మొదటి నుంచీ తెలుసు.

ఇదే కాలంలో వనభోజనం పెద్ద సభగానూ మారింది. గత రెండు మూడు దశాబ్దాల్లో కుల సంఘాలు కార్తీకంలో వేలమందితో జరిపే వనభోజనాలు పత్రికల్లో వార్తలయ్యాయి. వేదిక, ప్రసంగాలు, రాజకీయ నాయకులు, ఎన్నికల లెక్కలు వచ్చి చేరాయి. వంట కేటరింగువారిది, వచ్చినవారు వరసలో నిలబడి ప్లేటు పట్టుకుంటారు. పాత తోపులో పంక్తులు వేరైనా, లోపలికి రానిచ్చిన ఇళ్ళన్నిటి పొగా ఒకే చెట్లలోంచి లేచేది. ఇప్పుడు ఏ కులం తోట ఆ కులానిదే. ఇది ఆచారానికి జరిగిన పెద్ద నష్టం. కులంతో పని లేకుండా వీధి వారీగా, అపార్టుమెంటు వారీగా, ఉద్యోగుల సంఘాల వారీగా సాగే వనభోజనాలూ ఉన్నాయి గాని వాటికి ఊరి తోపు దొరకడం కష్టమైంది. రోడ్ల వెడల్పులో, ప్లాట్లలో చాలా తోపులు పోయాయి. ఒకప్పుడు ఉచితంగా దొరికిన నీడకు ఇప్పుడు రిసార్టులో అద్దె కట్టాలి.

దేశం దాటినవారు ఆచారాన్ని వాతావరణానికి తగ్గట్టు మలుచుకున్నారు. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో నవంబరు చలికి ఆరుబయట కూర్చోవడం కుదరదు కాబట్టి అక్కడి తెలుగు సంఘాల వనభోజనాలు వేసవిలో, పార్కుల్లో జరుగుతాయి. నేల మీద పొయ్యి తవ్వనివ్వరు, ఉన్న గ్రిల్లు మీద మొక్కజొన్న పొత్తులు కాలతాయి, పులిహోర ఇళ్ళ నుంచి వస్తుంది. సింగపూరులో చలి సమస్య లేదు. 1975లో ఏర్పడ్డ అక్కడి తెలుగు సమాజం కార్తీకంలోనే వనభోజనాలు జరుపుతుంది.

యంత్రాన్ని, నిప్పును పక్కన పెట్టే నియమం చాలా కఠినంగా నిలిచిన చోటు ఒకటి రాయలసీమలో ఉంది. పోలికకు చూస్తే, మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్‌గావ్ 2022లో తీర్మానం చేసుకుని, రోజూ సాయంత్రం గుడి సైరన్ మోగగానే గంటన్నర సేపు ఫోన్లు, టీవీలు కట్టేయడం మొదలుపెట్టి వార్తల్లోకెక్కింది. అనంతపురం జిల్లా తాడిపత్రి మండలం తలారిచెరువుకు అలాంటి తీర్మానం అవసరం రాలేదు. అక్కడ అగ్గిపాడు అనే ఆచారం తరాలుగా ఉంది. మాఘ పున్నమికి ఊరిలో పొయ్యి వెలగకూడదు, దీపం పెట్టకూడదు. కరెంటు వచ్చాక ఆ నిషేధం బల్బులకూ వర్తించింది. ఊరంతా ఇళ్ళకు తాళాలు వేసి, ముసలీముతకను, పసిపిల్లలను, గొడ్డూగోదను వెంటబెట్టుకుని దగ్గర్లోని హాజీవలీ దర్గాకు చేరుతుంది. హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా అక్కడే చెట్ల కింద వండుకుని, తిని, పున్నమి గడిచే దాకా ఉంటారు. తిరిగి వచ్చాక ఇళ్ళు కడిగి, టెంకాయ కొట్టి, అప్పుడు మళ్ళీ పొయ్యి రాజేస్తారు.